మీ ఊరికి డ్రైవర్ లేని షటిల్: సప్లయర్‌ను ఎలా ఎంచుకోవాలి

డెమో రోజున ఏ షటిలైనా బాగానే నడుస్తుంది. ఎండ కాస్తుంటుంది, పార్కింగ్ స్థలం ఖాళీగా ఉంటుంది, కంపెనీ ఇంజనీర్లు నలుగురు చుట్టూ ఉంటారు. కౌన్సిల్ సభ్యులు ఎక్కి, రెండు రౌండ్లు తిరిగి, ఫొటోలు దిగి సంతోషంగా వెళ్లిపోతారు. పెళ్లిచూపుల్లో అందరూ మంచివాళ్లే అయినట్టు డెమోలో అన్ని బళ్లూ మంచివే.

నేను అమెరికాలో ఒక మధ్యస్థాయి నగరంలో, ప్రజా రవాణా సంస్థ కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తాను. మా మొదటి పైలట్ ప్రాజెక్టుకు, అంటే ప్రయోగంగా నడిపిన షటిల్‌కు, కంపెనీని ఎంచుకున్న కమిటీలో నేనూ ఉన్నాను. డెమో నచ్చింది, రేటు నచ్చింది, సంతకాలు పెట్టాం. మూడో వారంలో షటిల్ ఒక మలుపు దగ్గర పదేపదే ఆగిపోవడం మొదలైంది. కారణం వెతికితే ఫుట్‌పాత్ అంచున పెరిగిన గడ్డి. మోకాలెత్తు గడ్డి గాలికి రోడ్డు మీదకు వాలినప్పుడల్లా సెన్సర్లు దాన్ని అడ్డంకి అనుకుని బ్రేకు వేస్తున్నాయి. ఆ గడ్డి ఎవరు కోయించాలో కాంట్రాక్టులో ఎక్కడా రాసుకోలేదు. పార్కుల శాఖ మాది కాదంది. మ్యాప్ సరిచేసే మనిషిని పంపడానికి కంపెనీ నాలుగు రోజులు తీసుకుంది. ఆ నాలుగు రోజులూ మందుల షాపుకు వెళ్లే ఒక పెద్దావిడ వాకర్ పట్టుకుని స్టాప్‌లో నిలబడ్డారు. సర్వీసు లేదని మేం అంటించిన కాగితం మీది అక్షరాలు ఆమె కళ్లకు ఆనేంత పెద్దవి కావు.

అప్పటి నుంచి నేను సప్లయర్‌ను చూసే పద్ధతి మారింది. బండి చక్కగా నడిచే రోజు గురించి తక్కువ అడుగుతాను. ఆగిపోయిన రోజు ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు, ప్రమాదం జరిగితే మాకు ఏం చెబుతారు, కంపెనీయే మూతపడితే మా ప్రయాణికుల సంగతేంటి, ఇవే ఎక్కువ అడుగుతాను. ట్రాన్సిట్ సంస్థలోనో, సిటీ ఆఫీసులోనో, యూనివర్సిటీలోనో ఈ పని మీ నెత్తిన పడి ఉంటే కింది క్రమంలో వెళ్లండి. నాకు తెలిసిన రంగం అమెరికా కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. మన దేశంలో పబ్లిక్ రోడ్ల మీద డ్రైవర్ లేని బండికి మోటారు వాహనాల చట్టంలో ఇంకా దారి లేదు. కానీ సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో, డ్రైవర్ లేని వాహనాల మీద పరిశోధన చేసే టిహాన్ కేంద్రం తయారుచేసిన డ్రైవర్ లేని షటిల్స్ క్యాంపస్ లోపల జనాన్ని తిప్పుతున్నాయి. క్యాంపస్‌లు, పెద్ద ఆసుపత్రులు, టౌన్‌షిప్‌లు చూసుకునే వాళ్లకు ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు రూటు రాయండి, తర్వాత బండి గురించి ఆలోచించండి

స్కాట్లండ్‌లో ఎడిన్‌బరా దగ్గర 2023 మే నెలలో క్యావ్‌ఫోర్త్ పేరుతో ఐదు ఆటోమేటెడ్ బస్సులు మొదలయ్యాయి. ఫోర్త్ రోడ్ బ్రిడ్జి మీదుగా 14 మైళ్ల రూటు. మామూలు సైజు బస్సులే, టెక్నాలజీ పనిచేసింది. వారానికి 10,000 మందిని దాకా తీసుకెళ్లగలమని మొదట్లో చెప్పారు. ఎక్కేవాళ్లు సరిపోక 2025 ఫిబ్రవరిలో సర్వీసు ఆపేశారు. బండిలో లోపం లేకపోయినా సర్వీసు ఆగిపోవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకని ఏ కంపెనీకీ ఫోన్ చేయకముందే స్టాపుల దగ్గర నిలబడి లెక్కపెట్టండి. ఒక మంగళవారం ఉదయం ఏడింటికి, ఒక ఆదివారం సాయంత్రం. ఎవరు ఎక్కడికి పోతున్నారో అడగండి. తర్వాత ఒక్క పేజీ రాయండి: ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వేళల్లో, గంటకు ఎంతమంది, వారిలో వీల్‌చెయిర్ మీద వచ్చేవాళ్లు ఎందరు, ఎంతసేపు ఎదురుచూడగలరు, ఇప్పుడు ఎలా వెళ్తున్నారు. ఆ పేజీ చూసి, డ్రైవర్ ఉన్న మామూలు వ్యాను చాలనిపిస్తే కమిటీకి ఆ మాటే చెప్పండి. డ్రైవర్లు దొరకని రాత్రి షిఫ్టులు, రైల్వే స్టేషన్ నుంచి ఆసుపత్రికి రోజంతా తిరిగే చిన్న లూపులు, ఇలాంటి చోట డ్రైవర్ లేని బండికి నిజమైన పని ఉంటుంది.

మనుషులను ఎక్కించడంతోనే మొదలుపెట్టాలని లేదు. సింగపూర్ పర్యావరణ సంస్థ 2021లో రోడ్లు ఊడ్చే ఆటోమేటెడ్ బళ్లను ముందు సేఫ్టీ ఆపరేటర్‌ను కూర్చోబెట్టి పబ్లిక్ రోడ్ల మీద పరీక్షించింది. ప్రయాణికులు ఉండరు, వేగం తక్కువ, ట్రాఫిక్ పలచగా ఉన్న వేళ చూసి నడపొచ్చు. మీ నగరానికి ఇది మొదటి అనుభవమైతే ఊడ్చే బండితో మొదలుపెట్టడం మంచి ఆలోచనని నా అభిప్రాయం.

రూటు మొత్తం కాలినడకన చూడండి

ఈ రంగంలో ఓడీడీ అనే మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. ఏ రోడ్డు మీద, ఎంత వేగంలో, ఎలాంటి వాతావరణంలో, ఏ వేళల్లో ఆ బండి తనంతట తాను నడవగలదో చెప్పే హద్దు అది. లెవెల్ 4 బండి అంటే ఆ హద్దు లోపల మనిషి సాయం లేకుండా నడిచేది, హద్దు దాటాల్సి వస్తే తానే క్షేమంగా ఆగేది. కాబట్టి బ్రోచర్‌లో లెవెల్ 4 అని ఉన్నంత మాత్రాన అది మీ రూటులో నడుస్తుందని కాదు. హద్దు గీసేది సప్లయర్, రూటు మీది. రెండూ కలుస్తాయో లేదో తేల్చాల్సింది మీరే.

నోట్‌బుక్ పట్టుకుని రూటంతా నడవండి. ఒకసారి వానలో, ఒకసారి చీకట్లో, ఒకసారి బడి వదిలే వేళలో. కొమ్మలు వాలిన చెట్లు, గీతలు చెరిగిన రోడ్డు, డెలివరీ వ్యాన్లు అడ్డంగా ఆగే చోటు, సిగ్నల్ లేని ఎడమ మలుపు (అమెరికాలో ఎదురొచ్చే ట్రాఫిక్‌ను దాటాల్సింది ఈ మలుపులోనే), స్కూల్ బస్సు ఆగే చోటు, చెత్త బండి వచ్చే టైము, ఫైర్ స్టేషన్ గేటు, మొబైల్ సిగ్నల్ అందని వంతెన కింద భాగం, అన్నీ రాసుకోండి. మాకు ఇలా రెండు మైళ్ల రూటులో ముప్పై పైగా తేలాయి. ఈ జాబితాను టెండర్‌కు జతచేసి ఒక్కో దాని పక్కన సప్లయర్ చేత మూడు మాటల్లో ఒకటి రాయించండి: బండి తనే దాటుతుంది, ఆగి రిమోట్ ఆపరేటర్ (దూరంగా కూర్చుని స్క్రీన్ మీద బండిని చూసే మనిషి) సాయం అడుగుతుంది, లేదా అటెండెంట్ (బండిలోనే ఉండే కంపెనీ మనిషి) చేత్తో నడపాలి. ఎవరైనా అన్నిటికీ తనే దాటుతుందని రాస్తే ఆ బిడ్‌ను రెండోసారి జాగ్రత్తగా చదవండి.

ఈ జాబితా ఎంత ముఖ్యమో రెండు సంఘటనలు చెబుతాయి. 2017 నవంబర్ 8న లాస్ వేగస్‌లో నావ్యా షటిల్ పబ్లిక్ సర్వీసు మొదలైన రోజే ఒక డెలివరీ ట్రక్కు రివర్స్‌లో వస్తూ దానికి తగిలింది. షటిల్ ట్రక్కును చూసింది, ఆగింది, అలాగే నిలబడిపోయింది. మనిషైతే హారన్ కొట్టేవాడు, వెనక్కి తీసేవాడు. 2025 డిసెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో పెద్ద ఎత్తున కరెంటు పోయి ట్రాఫిక్ సిగ్నళ్లు ఆరిపోతే వేమో కంపెనీ డ్రైవర్ లేని టాక్సీలు చాలా చోట్ల కూడళ్లలో నిలిచిపోయాయి, కంపెనీ సర్వీసు ఆపుకోవాల్సి వచ్చింది. ఎంతో అనుభవం ఉన్న కంపెనీకే అలా జరిగింది. సిగ్నళ్లన్నీ ఒకేసారి ఆరిపోతే మీ బళ్లు ఏం చేస్తాయన్న ప్రశ్న మీ జాబితాలో తప్పకుండా ఉండాలి.

చట్టం అడ్డుపడే వాళ్లను మొదట్లోనే పక్కన పెట్టండి

ఈ పని త్వరగా తేల్చుకోవచ్చు. స్టీరింగ్ లేని బండి అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణాలకు సరిపోకపోతే మినహాయింపు కావాలి. ఆ అనుమతి కాగితం టెండర్‌తోనే అడగండి, తర్వాత తెస్తామంటే ఒప్పుకోకండి. ఫెడరల్ ట్రాన్సిట్ నిధులతో కొంటుంటే బై అమెరికా నిబంధన ప్రకారం బండి ఖరీదులో 70 శాతం పైగా దేశీయ భాగాలు ఉండాలి, చివరి బిగింపు అమెరికాలోనే జరగాలి. చైనా, రష్యా సంస్థల ఆటోమేటెడ్ డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న తేలికపాటి వాహనాలను 2027 మోడల్ నుంచి అడ్డుకునే నియమాన్ని అమెరికా వాణిజ్య శాఖ 2025 జనవరిలో తెచ్చింది. అదే సింగపూర్‌లో చూస్తే పంగోల్ ప్రాంతపు షటిల్స్‌కు 2025లో ఎంపికైన రెండు జట్లలో గ్రాబ్ అనే రవాణా సంస్థ వెనుక వీరైడ్, కంఫర్ట్‌డెల్‌గ్రో అనే రవాణా సంస్థ వెనుక పోనీ.ఏఐ ఉన్నాయి, రెండూ చైనా టెక్నాలజీయే. ఏ దేశంలో కొంటున్నారన్న దాన్నిబట్టి మీ ముందున్న సప్లయర్ల జాబితా అంతగా మారిపోతుంది.

ఇంకో సంగతి. టెక్సాస్‌లో 2017 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఈ వాహనాల మీద నగరాలు సొంతంగా నియమాలు పెట్టలేవు. అలాంటి చోట మీ చేతిలో ఉన్న ఒకే పగ్గం మీ కాంట్రాక్టు. అందులో రాయని షరతును తర్వాత ఏ ఆర్డినెన్సుతోనూ తీసుకురాలేరు.

ఎవరితో సంతకం చేస్తున్నారో తెలుసుకోండి

ఒక షటిల్ వెనుక సాధారణంగా ముగ్గురు ఉంటారు. బండి తయారుచేసేవాళ్లు, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ వాళ్లు, రోజూ సర్వీసు నడిపే ఆపరేటర్. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో 2025 జూన్ చివర మొదలైన నావీ సర్వీసే చూడండి: వ్యాన్లు ఫోర్డ్ ఈ-ట్రాన్సిట్‌లు, మొత్తం 14, రోజువారీ నిర్వహణ బీప్ అనే సంస్థది. బండి ఆగినప్పుడు ఈ ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే మధ్యలో నలిగేది మీరు. అందుకే ఎంతమంది ఉన్నా బాధ్యత మొత్తం ఒక్క సంస్థ నెత్తిన ఉండేలా టెండర్ రాయండి. మిగిలిన వాళ్లతో ఆ సంస్థ చేసుకున్న ఒప్పందాల కాపీలు కూడా అడిగి చదవండి.

తర్వాత అన్నిటికంటే కష్టమైన ప్రశ్న: ఈ కంపెనీ మూడేళ్ల తర్వాత ఉంటుందా? ఈ రంగంలో ఎందరు పడిపోయారో చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది. ఫోర్డ్, ఫోక్స్‌వాగన్ వెనుక నిలబడిన ఆర్గో ఏఐ అనే డ్రైవర్ లేని కార్ల కంపెనీ 2022 అక్టోబర్‌లో మూతపడింది. ఫ్రాన్స్‌కు చెందిన నావ్యా 2023 మొదట్లో కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లి, గోసాన్, మాక్నికా సంస్థల చేతికి మారింది. అన్నిటికంటే బాధ కలిగించేది కెనడాలోని విట్బీ పట్టణం సంగతి. 2021 డిసెంబర్‌లో అక్కడ ఓలీ షటిల్ చెట్టుకు గుద్దుకుని అందులోని అటెండెంట్ తీవ్రంగా గాయపడ్డారు. అప్పుడు బండి మాన్యువల్ మోడ్‌లో ఉందని పోలీసులు తేల్చారు. ఆ తర్వాత నెల కూడా తిరగలేదు, 2022 జనవరిలో దాన్ని తయారుచేసిన లోకల్ మోటర్స్ మూసేశారు. ఒక మనిషి ఆసుపత్రిలో ఉండగా, ప్రశ్నలు అడగాల్సిన చోట కంపెనీయే లేకుండా పోయింది.

ఈ ప్రమాదాన్ని పూర్తిగా తప్పించలేం కానీ నష్టం తగ్గించుకోవచ్చు. గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడగండి, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుందో అడగండి. చెప్పడం కుదరదంటే మీ ఫైనాన్స్ అధికారికి మాత్రమే రహస్యంగా చూపించమనండి. పర్ఫార్మెన్స్ బాండ్, అంటే కంపెనీ మాట తప్పితే మీకు డబ్బు వచ్చే హామీ, తీసుకోండి. అడ్వాన్సు తక్కువ ఇచ్చి, ఎక్కువ భాగం సర్వీసు నడిచిన నెలల వారీగా కట్టండి. బళ్లను సొంతంగా కొనకుండా సర్వీసుగా తీసుకుంటే, కంపెనీ పడిపోయినా కదలని ఇనుము మీ డిపోలో మిగలదు. కొనక తప్పకపోతే, మామూలుగా కూడా నడపగలిగే బండి చూసుకోండి. టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో 2021 మార్చిలో మొదలైన ర్యాపిడ్ సర్వీసుకు మే మొబిలిటీ సంస్థ లెక్సస్ హైబ్రిడ్ కార్లనే వాడింది. వీల్‌చెయిర్ కోసం విడిగా ఒక బండి పెట్టింది. స్టీరింగ్, పెడళ్లు ఉన్న బండిలో సాఫ్ట్‌వేర్ పోయినా డ్రైవర్‌ను కూర్చోబెట్టి నడుపుకోవచ్చు. పెట్టెలాంటి షటిల్‌కు ఆ వీలుండదు. చూడటానికి భవిష్యత్తులా ఉండేది ఆ పెట్టె షటిలే అయినా, నా ఓటు మామూలు బండికే.

చెడ్డ రోజుల చిట్టా అడగండి

సప్లయర్లు మైళ్ల లెక్క చెబుతారు. ఇన్ని లక్షల మైళ్లు నడిచాం, ఇన్ని వేల మైళ్లకు ఒకసారే మనిషి జోక్యం చేసుకున్నాడు అంటారు. ఆ అంకెలు ఒక కంపెనీవి ఇంకో కంపెనీ అంకెలతో పోల్చకండి. ఖాళీ శివారు రోడ్డు మీద వెయ్యి మైళ్లు, ఊరి మధ్య బజారు వీధిలో వెయ్యి మైళ్లు ఒకటి కావు. ఏది జోక్యం, ఏది కాదన్నదీ ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కపెడతారు.

దానికి బదులు ఇది అడగండి: మీకు జరిగిన మూడు అతి చెడ్డ ఘటనలు చెప్పండి, ఆ వీడియోలు మొదటి నుంచి చివరి వరకు చూపించండి, తర్వాత ఏం మార్చారో చూపించండి. అరచేతిలో వైకుంఠం చూపించే సేల్స్ మనిషి ఇక్కడ నీళ్లు నమలడం నేను కళ్లారా చూశాను. ఒక కంపెనీ ప్రతినిధి మాత్రం ల్యాప్‌టాప్ తిప్పి, తమ బండి ఒక సైకిల్‌ను రాసుకుంటూ పోయిన వీడియో పెట్టి, ఏ సెకనులో ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పుకొచ్చారు. గదిలో అందరం ముందుకు వంగి చూశాం. ఆ కంపెనీకి మా మార్కులు పెరిగాయి.

వీడియో చివరి వరకు అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2023 అక్టోబర్ 2న శాన్ ఫ్రాన్సిస్కోలో వేరే కారు గుద్దిన ఒక మహిళ క్రూజ్ రోబో టాక్సీ ముందు పడ్డారు. ఆ కారు ఆమెను ఢీకొని ఆగి, మళ్లీ పక్కకు తీసే ప్రయత్నంలో దాదాపు 20 అడుగులు ఈడ్చుకుపోయింది. ఈడ్చుకుపోయిన భాగాన్ని కంపెనీ తమకు మొదట చూపించలేదని కాలిఫోర్నియా వాహన శాఖ చెప్పి, అక్టోబర్ 24న అనుమతులు సస్పెండ్ చేసింది. ఫెడరల్ సంస్థకు తప్పుడు నివేదిక ఇచ్చామని 2024 నవంబర్‌లో క్రూజ్ ఒప్పుకుంది. ఆ డిసెంబర్‌లో క్రూజ్ యజమాని జనరల్ మోటర్స్ రోబో టాక్సీ పనికి డబ్బు ఆపేసింది. బండి చేసిన తప్పుకు తోడు, దాని గురించి చెప్పిన తీరు కూడా ఆ కంపెనీని ముంచింది.

2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో ఊబర్ టెస్ట్ కారు రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి ఆమె చనిపోయిన ఘటన మీద అమెరికా రవాణా భద్రతా బోర్డు ఇచ్చిన నివేదిక కూడా కమిటీలో అందరి చేత చదివించండి. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పసిగట్టాయి. కానీ క్రాసింగ్ లేని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఆలోచన ఆ సాఫ్ట్‌వేర్‌కు లేదు. లోపలున్న సేఫ్టీ డ్రైవర్ ఫోన్ చూస్తున్నారు. కంపెనీలో భద్రతా సంస్కృతి సరిగా లేదని బోర్డు తేల్చింది. కాబట్టి అడగండి: ఎవరినీ అడక్కుండా బళ్లన్నిటినీ ఆపే అధికారం మీ సంస్థలో ఎవరికి ఉంది? చివరిసారి ఎప్పుడు ఆపారు? ఇంతవరకూ ఆపే అవసరం రాలేదన్నది మంచి జవాబు కాదు.

ఈ కంపెనీతో ఇదివరకు పనిచేసిన నగరాలకు ఫోన్ చేయండి. ప్రాజెక్ట్ మేనేజర్‌తో మాట్లాడాక, ఆ షటిల్‌లో అటెండెంట్‌గా చేసిన మనిషి నంబరు అడగండి. రోజుకు ఎన్నిసార్లు బండిని చేత్తో నడపాల్సి వచ్చేదో, బ్రేకు ఎంత గట్టిగా పడేదో, ఫోన్ చేస్తే అవతల ఎంతసేపటికి ఎత్తేవాళ్లో వాళ్లకే తెలుసు.

పరీక్ష మీ రోడ్డు మీద, మీ షరతుల మీద

సింగపూర్‌లో పబ్లిక్ రోడ్డు ఎక్కకముందే ఆటోమేటెడ్ బండి అక్కడి యూనివర్సిటీ పక్కనున్న సెట్రాన్ ట్రాక్ మీద పరీక్ష పాసవ్వాలి. కంపెనీ తనకు తానే మార్కులు వేసుకోదు. మీకు అంత సదుపాయం లేకపోవచ్చు. ఒక ఖాళీ పార్కింగ్ స్థలం, రెండు రోజులు, బయటి భద్రతా నిపుణుడు ఒకరు ఉంటే సగం పని అవుతుంది. మిగతా సగం మీ రూటు మీదే చేయాలి.

ఒహాయోలోని కొలంబస్‌లో 2020 ఫిబ్రవరిలో ఈజీమైల్ షటిల్ గంటకు ఏడు మైళ్ల వేగంలో పోతూ హఠాత్తుగా ఆగితే ఒక ప్రయాణికురాలు సీటు మీది నుంచి కింద పడ్డారు. మొదలై రెండు వారాలే అయింది. ఫెడరల్ భద్రతా సంస్థ దేశవ్యాప్తంగా ఆ కంపెనీ షటిల్స్‌లో ప్రయాణికులను ఎక్కించడం ఆపించింది. కొలంబస్ వాళ్లు ఆ తర్వాత అవే షటిల్స్‌తో అవసరమున్న కుటుంబాలకు ఆహారం పెట్టెలు చేరవేశారు. ఏడు మైళ్లంటే సైకిల్ వేగం. తక్కువ వేగమైతే భద్రమే అన్న మాట నమ్మకండి, బ్రేకు ఎలా పడుతుందో చూడండి. పరీక్ష రోజున సీటు మీద కూరగాయల సంచి ఒకటి పెట్టి, బండి ముందుకు బొమ్మను తోయించండి. సంచి సీటు మీదే ఉందా, నేల మీద బంగాళాదుంపలు దొర్లాయా అన్నది ఎన్ని చార్టులకన్నా స్పష్టంగా చెబుతుంది.

నిజంగా వీల్‌చెయిర్ వాడే ఇద్దరు ముగ్గురిని పిలవండి, వాళ్ల సమయానికి డబ్బు చెల్లించండి. మా రెండో ఎంపికలో ఒక బండి ర్యాంపు ఫుట్‌పాత్‌ను పూర్తిగా ఆనలేదు, రెండు వేళ్ల సందు మిగిలింది. బొమ్మల్లో అది కనబడదు. వీల్‌చెయిర్ ముందు చక్రం సరిగ్గా ఆ సందులో ఇరుక్కుంది. కుర్చీలో ఉన్నాయన వెనక్కి తీసుకోవడానికి రెండు చేతులతో చక్రాలు తిప్పుతుంటే ముందు చక్రం కదలలేదు, మా ఇంజనీర్ వంగి ఎత్తాల్సి వచ్చింది. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఇప్పుడు మా ప్రతి టెండర్‌లో ఉంది: అటెండెంట్ లేని రోజు ఈ కుర్చీకి బెల్టులు ఎవరు కడతారు?

ఫైర్ ఇంజిన్‌ను పిలిపించి సైరన్‌తో ఎదురుగా తెప్పించండి. పోలీసు చేత చేతి సైగలు చేయించండి. స్కూల్ బస్సును నిలిపి దాని పక్కనుండే స్టాప్ బోర్డు తెరిపించండి, అమెరికాలో ఆ బోర్డు తెరిచి ఉండగా బస్సును దాటకూడదు. ఆస్టిన్‌లో ఆగి ఉన్న స్కూల్ బస్సులను దాటిపోయిన ఘటనల మీద 2025 డిసెంబర్‌లో వేమో తన సాఫ్ట్‌వేర్‌ను రీకాల్ చేయాల్సి వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో ఫైర్ డిపార్ట్‌మెంట్ 2023లో తమ పనికి రోబో టాక్సీలు అడ్డొచ్చిన ఘటనలు డజన్ల కొద్దీ నమోదు చేసింది. నిప్పు అంటుకున్న ఇంటి ముందు బండి మొరాయిస్తే దాన్ని పక్కకు నెట్టడం ఎలాగో మీ ఫైర్ సిబ్బందికి ముందే చేసి చూపించాలి. డోర్ ఎక్కడ తెరవాలి, కరెంటు ఎక్కడ కట్ చేయాలి, ఏ నంబరుకు చేయాలి, ఇవన్నీ వాళ్లే స్వయంగా చేసి చూసేవరకూ పరీక్ష అయిపోయినట్టు కాదు.

మార్కులు, రేటు

ఎల్1 పద్ధతిలో, అంటే తక్కువ కోట్ చేసినవాడికే ఇచ్చే పద్ధతిలో ఈ కొనుగోలు చేయకండి. మేం రెండోసారి వేసుకున్న మార్కులు ఇలా ఉన్నాయి: భద్రతకు, ఘటనల విషయంలో నిజాయితీకి కలిపి 35, స్థానిక సిబ్బందికి, మరమ్మతులకు 25, వికలాంగుల సౌకర్యానికి 15, కంపెనీ ఆర్థిక స్థితికి 15, రేటుకు 10. మీ నగరానికి ఇవి మారవచ్చు. రేటుకు 30 దాటించకండి, దాటితే మిగతావన్నీ లెక్కలోంచి జారిపోతాయి.

డబ్బు ఎలా కట్టాలన్నది మన వైపు ఆర్టీసీలు అద్దె ఎలక్ట్రిక్ బస్సులకు వాడే కిలోమీటర్ రేటు పద్ధతి తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ దానికి ఒక మెలిక కలపండి. పూర్తయిన ట్రిప్పుకు పూర్తి రేటు, మనిషి చేత్తో నడిపిన ట్రిప్పుకూ అదే రేటు ఇవ్వండి, కానీ ఎంత దూరం చేత్తో నడిపారో ప్రతి నెలా లెక్క చెప్పించండి. చేత్తో నడిపితే డబ్బు కోస్తామంటే, నడపాల్సిన చోట కూడా అటెండెంట్ చెయ్యి వేయడానికి జంకుతాడు. భద్రతకు ఉన్న మనిషిని భయపెట్టే పెనాల్టీ పెట్టకూడదు. పెనాల్టీ ఆగిన బండిని తీయడానికి పట్టిన నిమిషాల మీద పెట్టండి.

కాంట్రాక్టులో తప్పక ఉండాల్సినవి

ఏ ప్రమాదమైనా జరిగిన రెండు గంటల్లో మీకు ఫోను, 24 గంటల్లో మొత్తం వీడియో, సెన్సర్ డేటా. బళ్లను ఆపించే హక్కు కారణం చెప్పనక్కర్లేకుండా మీకు. సాఫ్ట్‌వేర్ మార్చే ముందు రాతపూర్వక నోటీసు, మార్చాక మీ రూటు మీద మళ్లీ పరీక్ష. రిమోట్ ఆపరేటర్ ఒకరు ఒకేసారి ఎన్ని బళ్లు చూస్తారో అంకెతో సహా, వాళ్లు ఏ దేశంలో కూర్చుంటారో కూడా. కెమెరాల్లో పడే జనం ముఖాలు ఎంతకాలం దాచుతారు, ఎవరికి ఇస్తారు. గడ్డి ఎవరు కోస్తారు, కొమ్మలు ఎవరు కొడతారు, మంచు ఎవరు తీస్తారు.

అటెండెంట్‌ను ఎప్పుడు దించేయవచ్చో తేదీతో రాయకండి, షరతులతో రాయండి. తేదీ రాస్తే ఆ రోజు దగ్గర పడేకొద్దీ అందరి మీదా ఒత్తిడి పెరుగుతుంది. ఆ నిర్ణయం మీ భద్రతా అధికారి సంతకంతోనే జరగాలి. ఇప్పుడున్న బస్సు డ్రైవర్ల యూనియన్‌తో కూడా టెండర్‌కు ముందే కూర్చోండి. అటెండెంట్లుగా వాళ్లనే తీసుకుంటే మీ రోడ్లు తెలిసినవాళ్లు బండిలో ఉన్నట్టు అవుతుంది.

మొదలైన తర్వాత ఆరు నెలలు

ప్రతి సోమవారం సప్లయర్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని గడిచిన వారం బండి ఆగిన ప్రతి చోటునూ మ్యాపు మీద చూడండి. ఒకే చోట మూడుసార్లు ఆగితే మీరే అక్కడికి నడిచి వెళ్లండి. గడ్డి మాకు అలాగే దొరికింది.

ర్యాంపు ఉన్న మామూలు వ్యాను ఒకటి, డ్రైవర్‌తో సహా డిపోలో సిద్ధంగా ఉంచండి. షటిల్ పదిహేను నిమిషాలకు మించి ఆగితే అది బయల్దేరాలి. దాని ఖర్చు బడ్జెట్‌లో మొదటి రోజు నుంచే రాసుకోండి, తర్వాత అడిగితే రాదు. ప్రతి స్టాప్ బోర్డు మీద ఫోన్ నంబరు ఒక్కో అంకె అరచేయంత ఉండేలా రాయించండి. ఆ ఫోను మోగితే ఎత్తేది వేరే రాష్ట్రంలోని కాల్ సెంటర్ కాకుండా, వ్యానును పంపే అధికారం ఉన్న మీ డిపో మనిషి అయ్యుండాలి.